పదమూడేండ్ల తర్వాత నల్లగొండకు వాపసు: పట్నంల ఉండాల్నా, అత్తగారింట్ల ఉండాల్నా?

పానగల్ కోడలు | డాలస్

అందరికి నమస్తే. చాన్నాళ్ల సంది ఇక్కడ చదువుడే గని రాసుడు ఇదే మొదలు. మేం జూన్‌ల ఇండియాకు వచ్చేస్తున్నం, తిరుగు టికెట్ లేకుంట. పదమూడేండ్లు అమెరికాల ఉన్నం. మా ఇద్దరియి ఇండియా పాస్‌పోర్టులే, గ్రీన్‌కార్డులున్నయి. పిల్లలు ఈడనే పుట్టినోళ్లు, ఓసీఐ కార్డులున్నయి (ఇండియా మూలమున్న వేరే దేశపోళ్లకు ఇచ్చేటియి). పాప ఇప్పుడు ఎనిమిదికి పోతది, బాబు మూడుకు.

ఎందుకు వస్తున్నరని ఎట్లాగూ అడుగుతరు. నౌకరి పోలే, వీసా లొల్లి లేదు. మామయ్యకు పోయినేడు పక్షవాతం వచ్చింది. మాట వచ్చింది గని ఎడమ చెయ్యి ఇంకా సరిగ లేవదు. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు. మా బావగారు, యారాలక్క చూసుకుంటున్నరు. ఫోన్ చేసినప్పుడల్ల "మీరు రంది వెట్టుకోకుర్రి, మేమున్నం గద" అంటరు. ఆ మాట ఇన్నంక మా ఆయన రెండు రోజులు ఎవరితోని సక్కగ మాట్లాడడు.

కంపెనీవాళ్లు హైదరాబాద్ ఆఫీసుకు మారుస్తమన్నరు, వారంల రెండు రోజులు పోతె చాలట. దోస్తులందరు కోకాపేట, నల్లగండ్ల దిక్కు ఫ్లాట్ తీస్కోమంటున్నరు. మా ఆయన నల్లగొండ అంటడు. నేను నడుమల ఉన్న. పిల్లల బడి ఎట్ల, నీళ్లెట్ల, అంత మంది నడుమ ఉండుడెట్ల? వాపసు వచ్చినోళ్లు ఉంటె ఉన్నదున్నట్టు చెప్పుర్రి. పాప ఈ ముచ్చట ఇన్నకాడి నుంచి రూం తలుపు తీస్తలేదు.

పిల్లలమర్రి నీడ | మహబూబ్‌నగర్

చెల్లె, మేం 2021ల టొరంటో నుంచి పాలమూరుకు వచ్చినం. హైదరాబాద్‌కు గాదు, పాలమూరుకే. ఈ తేడా ముందు చెప్పాలె. కోకాపేటల గేటెడ్ కమ్యూనిటీల దిగితె మన చుట్టూ అందరు మన అసొంటోళ్లే ఉంటరు. ఆడి పిల్లలకు గూడ డాలస్ యాసే ఉంటది. లిఫ్ట్‌ల ఎదురైనోడు "ఏ వీసా మీద ఉంటిరి" అని అడుగుతడు. చిన్న ఊర్ల గట్ల ఉండదు. ఈడ నువ్వు ఒక్కదానివే వాపసు వచ్చినదానివి.

మొదటి నెల అంత దావత్‌లే. ప్రతి ఇంట్ల మటన్. మూడో నెలకు ఒక ముచ్చట మొదలైతది: "నౌకరి పోయిందేమో, చెప్పుకుంటలేరు." మెట్టుగడ్డ కాడ చాయ తాగుతుంటె ఒక పెద్దమనిషి నన్నే అడిగిండు, "ఫలానాయన కొడుకు కెనడాల దివాళా తీసి వచ్చిండట గద" అని. ఆ ఫలానాయన కొడుకును నేనే. అవునట సార్ అన్న. ఏం జెయ్యాలె?

ఇగ రాకపోకలు. తలుపు కొట్టి, ముందు ఫోన్ చేసి వచ్చుడు మరిచిపో. పొద్దుగాల ఆరింటికి మా మేనత్త నేరుగ వంటింట్లకు వచ్చి కూసుంటది. టొరంటోల పక్కింటాయన పేరు నాకు ఆరేండ్లు తెల్వదు, ఈడ మా గల్లీల ఎవరికి షుగర్ ఎంతున్నదో గూడ తెలుసు. మా ఆవిడకు ఇది ఏడాది దాకా ఊపిరాడనియ్యలే. నాకు మాత్రం మొదటి నుంచి మంచిగనే అనిపించింది. అంటె ఇద్దరికి ఒక్క తీరుగ ఉండదు, అది మొదలే మాట్లాడుకోవాలె.

పెండ్లిళ్లు, చావులు గూడ. ఆడ ఉన్నన్నాళ్లు వాట్సాప్‌ల రెండు చేతులు జోడించిన బొమ్మ పంపితె సరిపోయేది. ఈడ ఉండి పోకుంటె మనసుల పెట్టుకుంటరు. దినాలకు పోవాలె, ఒడిబియ్యం పోసేకాడ ఉండాలె, కార్తీకంల కురుమూర్తి జాతరకు అందరితోని బండెక్కాలె. ఇన్నేండ్లు రాని లెక్కంత ఒక్కపారి వసూలు చేస్తరు.

సామాను సంగతి: 110 వోల్టుల మిక్సీ, మైక్రోవేవ్, హెయిర్ డ్రయర్ అసొంటియి అక్కడనే ఇచ్చి రార్రి. ఈడ 230. ల్యాప్‌టాప్, ఫోన్ చార్జర్ల మీద 100–240 అని ఉంటది సూడు, అవి నడుస్తయి. ఇన్వర్టర్ మాత్రం దిగినోడే పెట్టించు.

గడియారం సెంటర్ | నల్లగొండ

జూన్ అంటున్నరు గద, మంచిపని. మేల వస్తె మా ఊరి ఎండ 44 మీద ఉంటది, ఎయిర్‌పోర్ట్ నుంచే వాపసు పోదురు.

నల్లగొండ నుంచి ఆఫీసు సంగతి: ఎల్బీనగర్ దాకా రెండు గంటలు. ఆఫీసు గచ్చిబౌలి దిక్కైతె పెద్దఅంబర్‌పేట కాడ ఔటర్ ఎక్కాలె, ఇంకో ముప్పావుగంట, గంట. వారంల రెండు రోజులంటె అయితది. ఒక రాత్రి ఆడనే పండుకునే జాగ చూసుకుంటె నడుము దక్కుతది. సంక్రాంతికి, దసరాకు మాత్రం ఆ విజయవాడ హైవే మీదికి ఎక్కకుర్రి, చౌటుప్పల్ దాటేటాళ్లకు తెల్లారుతది.

లెక్కల మనిషి | నల్లగొండ

పన్నుల పని చేస్తాను. విదేశాల నుంచి వచ్చినవారి ఫైళ్లు ఏటా చూస్తుంటాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

జూన్‌లో వస్తే ఆ ఆర్థిక సంవత్సరంలోనే 182 రోజులు దాటుతాయి, ఇద్దరూ రెసిడెంట్ అవుతారు. అయితే మధ్యలో ఒక మెట్టు ఉంది, దాన్ని ఆర్‌ఎన్‌ఓఆర్ అంటారు, అంటే రెసిడెంటే గానీ ఇంకా పూర్తిస్థాయి రెసిడెంట్ కాదు. గత 10 ఏళ్లలో 9 ఏళ్లు నాన్ రెసిడెంట్‌గా ఉన్నవారికి, లేదా గత 7 ఏళ్లలో ఇండియాలో గడిపింది మొత్తం 729 రోజులు మించనివారికి ఇది వస్తుంది. ఈ హోదాలో ఉన్నన్నాళ్లూ అక్కడి వడ్డీ, డివిడెండ్లు, అక్కడి ఇంటి అద్దె ఇక్కడి పన్నులోకి రావు. పదమూడేళ్లు బయటే ఉన్నారు కాబట్టి మీకు రెండేళ్లు దాదాపు ఖాయం. మూడో ఏడు వస్తుందా లేదా అన్నది ఈ మధ్య సెలవులకు వచ్చి ఉన్న రోజులను బట్టి తేలుతుంది. పాస్‌పోర్టు ముద్రలు చూసి రోజులు లెక్క వేసి పెట్టుకోండి. అక్కడి షేర్లు అమ్మాలనుకుంటే ఈ గడువులోనే అమ్మడం మేలు. ఇక్కడి ఆఫీసు ఇచ్చే జీతానికి మాత్రం మొదటి రోజు నుంచే పన్ను.

ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ల (ఎన్నారైలు ఇక్కడి బ్యాంకుల్లో వేసుకునేవి) వడ్డీకి పన్ను లేదని చాలామంది వచ్చాక కూడా అలాగే ఉంచేస్తారు. స్థిరపడే ఉద్దేశంతో వచ్చిన తర్వాత ఫెమా (విదేశీ మారక చట్టం) ప్రకారం మీరు ఇక్కడివారే, ఆ మినహాయింపు పోతుంది. బ్యాంకుకు చెప్పి ఖాతా మార్పించుకోవాలి. డాలర్లను డాలర్లుగానే ఉంచుకోవాలంటే ఆర్‌ఎఫ్‌సీ ఖాతా తెరవవచ్చు.

401కె, అంటే అక్కడి రిటైర్మెంట్ ఖాతా, తొందరపడి తీయకండి. 59 ఏళ్ల ఆరు నెలల లోపు తీస్తే మామూలుగా పన్ను కాక 10 శాతం జరిమానా పడుతుంది. ఆ ఖాతాలో పెరిగే సొమ్ముకు ఇక్కడ ఏటా కాకుండా తీసినప్పుడే పన్ను కట్టేలా ఆదాయపు పన్ను శాఖకు ఒక ఫారం ఇవ్వవచ్చు. గ్రీన్‌కార్డు చేతిలో ఉన్నంతకాలం అమెరికా రిటర్నులు వేయక తప్పదు. ఇక్కడి ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఆ వివరాలు అమెరికాకు చెప్పే ఎఫ్‌బీఏఆర్ కూడా వేయాలి. కార్డు కాపాడుకోవాలనుకుంటే రీఎంట్రీ పర్మిట్‌కు (ఎక్కువకాలం బయట ఉన్నా తిరిగి వెళ్లడానికి ఇచ్చే అనుమతి) అక్కడ ఉండగానే దరఖాస్తు పెట్టాలి, సాధారణంగా రెండేళ్ల దాకా ఇస్తారు. ఇక్కడికి వచ్చి పెడతామంటే కుదరదు.

దేవరకొండ డ్రైవర్ | దేవరకొండ

మీ ముచ్చట్లు అన్ని సదివిన. షేర్లు, 401కె, కోకాపేట. మంచిగున్నది. నేను గూడ వాపసు వచ్చినోన్నే. మస్కట్‌ల పదకొండేండ్లు ట్రైలర్ తోలిన. వచ్చేటప్పుడు నా పెట్టెల రెండు దుప్పట్లు, పిల్లలకు చాక్లెట్లు, నిడో పాలడబ్బ. మేం వాపసు వస్తె దావతులు ఉండయి. అప్పులోళ్లు వస్తరు.

నా బిడ్డ పుట్టిన ఏడాదికి పోయిన. నడుమ నాలుగుమాట్ల వచ్చి పోయిన. ఇగ మొత్తానికి వచ్చినంక బిడ్డ నన్ను నాయిన అనుడు మొదలుపెట్టెటందుకు మస్తు దినాలు పట్టింది. అంతకు ముందు "అమ్మా, ఆయన వచ్చిండు" అనేది. మీ పాప తలుపేసుకున్నదని రంది పడుతున్నరు గద అక్కా, కొట్లాడుడు గూడ మంచిదే. నాతోని నా బిడ్డ కొట్లాడేటంత దగ్గరితనం గూడ లేకుండె.

కోపంతోని అంటలే. పాలమూరు దిక్కు నుంచి బొంబాయి బస్సు ఎక్కినోళ్లు గూడ వాపసు వచ్చినోళ్లే. వాళ్లను ఎవరు అడుగరు ఎట్ల సర్దుకున్నవని. ఇప్పుడు నాకు సొంత కారున్నది, కిరాయిలకు తిప్పుతున్న. బతుకుతున్న.

పిల్లలమర్రి నీడ | మహబూబ్‌నగర్

డ్రైవర్ తమ్మీ, మంచిగ రాసినవ్. మా చిన్నాయన గూడ బొంబాయి బస్సు మనిషే. ఊర్ల ఇల్లు కట్టిండు, ఇంటి ముందట కూసునేటాళ్లకు మనిషి అయిపోయిండు.

పానగల్ కోడలు | డాలస్

డ్రైవరన్నా, మీరు రాసింది రాత్రి మా ఆయనకు చదివి వినిపించిన. ఏమనలే, లేచి పాప రూం కాడికి పోయిండు. లెక్కల సార్‌కు మస్తు థాంక్స్, రీఎంట్రీ పర్మిట్ సంగతి మాకు తెల్వనే తెల్వదు.

జడ్చర్ల జర్సీ | ఎడిసన్

నేను వాపసు వచ్చి మళ్ల వాపసు పోయినోన్ని. తిట్టేటోళ్లు తిట్టుర్రి. 2017ల వచ్చినం, రెండేండ్లకు ఎల్లిపోయినం. అందరు ఎండ, దుమ్ము, లంచాలు అనుకుంటరు. అదేం గాదు. మా ఆవిడ ఈడ ల్యాబ్‌ల పని చేస్తది, మంచి జీతం, తన కారు, తన దోస్తులు. బాదేపల్లి మార్కెట్ ఎనక మా ఇంట్ల ఆమె పొద్దుందాక కోడలు. అంతే. మహబూబ్‌నగర్‌ల ఒకకాడ పని దొరికింది గని ఆ జీతం ఆటోలకు సరిపోయేది. అమ్మ ఉన్నన్ని రోజులు నోరు మెదపలే. అమ్మ పోయినంక ఒక దినం అన్నది, "నేను చెయ్యాల్సింది చేసిన, ఇగ నా బతుకు నాకియ్యి." ఏమంట?

పానగల్ కోడలా, మీ పోస్టు రెండుమాట్ల చదివిన. మీ ఆయన ఆఫీసు ఉన్నది, పిల్లల బడి ఉన్నది, మామ చెయ్యి ఉన్నది, అత్త మోకాలు ఉన్నది. మీరు ఏం పని చేస్తరో ఒక్క ముక్క లేదు. అది రాయకుంట నల్లగొండనా, పట్నమా అని అడిగితె జవాబు ఎట్ల చెప్పాలె?

పానగల్ కోడలు | డాలస్

నిజమే, రాయలే. నేను ఫిజియోథెరపీ అసిస్టెంట్‌ను. ఈడ ఒక క్లినిక్‌ల ఏడేండ్ల సంది చేస్తున్న.

గడియారం సెంటర్ | నల్లగొండ

అగో! మామ చెయ్యి లేస్తలేదు అని మొదటి పోస్టుల రాసి, ఈ ముచ్చట ఇప్పుడా చెప్పేది!

అప్పటి ఎనిమిదో క్లాసు | వరంగల్

నేను మీ పాప ప్లేస్‌లో ఉన్నదాన్ని. సరిగ్గా ఎనిమిదిలోనే తీసుకొచ్చారు, సింగపూర్ నుంచి సూర్యాపేట. ఇప్పుడు ఇంజినీరింగ్ థర్డ్ ఇయర్. ఎవరూ పిల్లల్ని అడగరు కాబట్టి నేను రాస్తున్నా.

ఫస్ట్ డే క్లాసులో సార్ ఏదో అడిగారు, నాకు అర్థం కాలేదని చెయ్యెత్తి చెప్పా. క్లాసంతా నవ్వింది. సింగపూర్‌లో అర్థం కాకపోతే అడగమంటారు, ఇక్కడ అర్థం కాకపోతే పక్కవాళ్ల నోట్సు రాసుకుంటారు. స్కేల్‌తో చేతి మీద కొట్టడం మొదటిసారి చూశా. నన్ను కాదు, పక్కనమ్మాయిని. ఇంటికొచ్చి అన్నం తినలేదు. స్కూల్లో కొట్టడం 2009 విద్యాహక్కు చట్టం ప్రకారమే నిషేధమని డాడీ వెళ్లి మాట్లాడారు, ఆ తర్వాత రెండు నెలలు నన్ను ఎవరూ ఆటలోకి పిలవలేదు. డాడీ చేసింది కరెక్టే. కానీ ఆ రెండు నెలలు నావి.

మారింది ఎప్పుడంటే బతుకమ్మకు. అమ్మమ్మ తంగేడు పూలు కోయడానికి తీసుకుపోయింది, క్లాసులో నవ్విన అమ్మాయే అక్కడ కనబడింది. చప్పట్లు ఏ లెక్కన కొట్టాలో ఆమే నేర్పింది. ఇప్పటికీ నా బెస్ట్ ఫ్రెండ్.

ఆంటీ, ఒక్క రిక్వెస్ట్. "నువ్వు చిన్నదానివి, అలవాటైపోతుంది" అని మాత్రం అనకండి. మా ఇంట్లో అది రోజుకోసారి విన్నా. అక్కడి ఫ్రెండ్స్‌తో వీడియో కాల్స్‌కి ఒక టైం ఇవ్వండి. ఆ పాత రూంలోని ఏ వస్తువు తీసుకురావాలో తనే చెప్పనివ్వండి. నా బుక్ షెల్ఫ్ బరువని అక్కడే అమ్మేశారు, నాకు ఇంకా కోపమే.

బడిపంతులు | నకిరేకల్

పై అమ్మాయి మాట ప్రతి తల్లిదండ్రులు చదవాలి. నేను రెండు విషయాలు చెప్తాను.

మొదటిది తెలుగు. 2018లో వచ్చిన చట్టంతో రాష్ట్రంలోని అన్ని బడుల్లో, ఏ బోర్డైనా సరే, పదో తరగతి దాకా తెలుగు తప్పనిసరి. సీబీఎస్‌ఈలో వేస్తే తప్పించుకోవచ్చనుకోవద్దు. రాని పిల్లల కోసం తేలిక వాచకం కూడా తెచ్చారు. మాట్లాడటం వచ్చిన పిల్లలకు రాయడం అంత కష్టమేమీ కాదు. ఎండాకాలం సెలవుల్లో అక్షరాలు, గుణింతాలు దిద్దిస్తే చాలు, ఒత్తుల సంగతి మేం చూసుకుంటాం.

రెండోది పెద్దది. పాప డాక్టర్ చదవాలనుకుంటే ఇప్పుడే తెలుసుకోండి. తెలంగాణలో మెడికల్ సీట్లకు స్థానికత కావాలంటే 9వ తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా నాలుగేళ్లు వరుసగా ఇక్కడే చదవాలని 2024లో నిబంధన మార్చారు. ఎనిమిదికి వస్తున్నారు కాబట్టి ఆ లెక్క కుదురుతుంది. పదో తరగతిలో వచ్చినవారికి కుదరదు. కానీ పాప అమెరికా పౌరురాలు. 2021 మార్చి 4న కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం ఓసీఐ పిల్లలు నీట్, జేఈఈ వంటి పరీక్షలు రాయొచ్చు గానీ భారత పౌరులకు ఉంచిన సీట్లు అడగలేరు, ఎన్నారై సీట్లకే అర్హులు. అంతకు ముందే ఓసీఐ తీసుకున్నవారికి సుప్రీంకోర్టు 2023లో ఊరట ఇచ్చింది. మీ పాప కార్డు తేదీ ఏంటో చూసుకోండి, దాన్ని బట్టి చాలా మారుతుంది.

మర్రిగూడ బిడ్డ | మర్రిగూడ

నీళ్ల సంగతి ఎవరు రాయలే, అందుకే నేను రాస్తున్న. మా మండలంల వంకర కాళ్లు, వంగిన నడుములు చూసుకుంట పెరిగినోన్ని. నల్లగొండ అంటె బయటోళ్లకు ఫ్లోరైడే యాదికొస్తది. పటిక, సున్నంతోని ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంత నల్లగొండ టెక్నిక్ అని మా జిల్లా పేరే పెట్టిండ్రు. ఇసొంటి పేరు ఏ ఊరికి రావొద్దు.

ఇప్పుడు ఎట్లున్నదంటె, మిషన్ భగీరథ కృష్ణ నీళ్లు వచ్చినంక మార్పు నిజంగ ఉన్నది. 2015ల దాని పైలాన్ గూడ చౌటుప్పల్‌ల పెట్టింది మా కష్టం చూసే. టౌన్‌ల నల్లా నీళ్లు తాగుర్రి. బోరు నీళ్లు మాత్రం తాగుడుకు గాదు, వంటకు గూడ వాడొద్దు. బియ్యం కడుగుడు, పప్పు ఉడకబెట్టుడు అన్ని లెక్కకు వస్తయి. చానా మంది కాగబెట్టి తాగితె మంచిదనుకుంటరు. కాగబెడితె క్రిములు సస్తయి, ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరి ఇంకింత చిక్కనైతది. ఆర్‌ఓతోని తగ్గుతది. అద్దెకు ఇల్లు చూసేటప్పుడు మార్బుల్ గాదు, వంటింట్ల నల్లాకు ఏ నీళ్లు వస్తయో అడుగుర్రి. అనుమానముంటె పరీక్ష చేయించుర్రి, లీటర్‌కు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటొద్దు. బాబు చిన్నోడు, పండ్లు ఇంకా వస్తుంటయి గద, అందుకే గింతగనం చెప్తున్న.

ఊర్ల ఉన్న యారాలు | తిప్పర్తి

అందరు వాపసు వచ్చినోళ్లే రాస్తున్నరు. మేం యాడికి పోలే. ఇంట్ల ఉన్నోళ్ల ముచ్చట ఒకటి చెప్త.

మా మరిది, ఆయన భార్య (నేను చెల్లె అంట) ఆస్ట్రేలియా నుంచి వచ్చి మూడేండ్లైంది. మంచోళ్లు, ముందే చెప్తున్న. దిగిన మొదటి వారంల ఫ్రిజ్‌ల డబ్బలన్ని తీసి సర్దింది. నూనె మార్చింది. "అక్కా, అత్తమ్మకు ఇంత ఉప్పెందుకు" అన్నది. కరెక్టే అన్నది. కని ఆ వంటింట్ల నేను పదిహేనేండ్ల సంది నిలబడ్డ. అత్తమ్మకు ఏ గోలి ఏ టైంకు, ఏ పక్కకు ఒరిగితె నొప్పి, ఎవరి మాట ఇంటె బీపీ పెరుగుతది, అన్ని నా నెత్తిల ఉంటయి. ఎవరు రాసుకోలే, ఎవరు అడగలే. మరిది వచ్చి మేం ఎన్నటి సంది చూపిస్తున్న డాక్టర్‌తోని వాదన పెట్టుకున్నడు, ఫోన్‌ల చదివి. ఆ డాక్టర్ కాడికి మళ్ల పోవాల్సింది నేను.

పైసలు వాళ్లు నెలనెల పంపిండ్రు, కాదంటలే. మా ఇంటాయన పట్నంల నౌకరి ఇడిసి వచ్చిండు, అమ్మ మంచానపడ్డదని. ఆ జీతం ఎవరి పుస్తకంల లేదు. వాళ్లు వచ్చిన నెలకు చుట్టాలు అడిగిన మొదటి మాట "పంపకాలు ఎప్పుడు?" మేం దున్నుతున్న భూమి మామ పేరు మీదనే ఉన్నది. ఆ మాట ఇన్న రాత్రి మా ఆయన నిద్రపోలే. మరిది నోట అసొంటి మాట రాలే, అయినా నిద్రపోలే.

పానగల్ చెల్లె, మీ యారాలు "రంది వెట్టుకోకుర్రి" అంటున్నది గద. నేను గూడ అదే అన్న, ఫోన్ చేసిన ప్రతిసారి. నాకు అట్ల అనుడు తప్ప ఏం రాదు.

మాకు ఎట్ల సక్కబడ్డదంటె, వాళ్లు రెండు గల్లీల అవతల ఇల్లు కిరాయికి తీసుకున్నరు. చుట్టాలు నవ్విండ్రు, కలిసుండలేకపోయిండ్రు అని. నవ్వనీ. చెల్లె ఒక పని పట్టుకున్నది: వారంల రెండు రాత్రులు అత్తమ్మ కాడ ఆమె పండుకుంటది. దవాఖానకు తీస్కపోవుడు మరిది పని. ఆ మొదటి రాత్రి నేను పొద్దెక్కేదాక లేవలే, మా ఆయన వచ్చి లేపిండు ఏమన్న అయిందేమో అని.

ఎన్నారై నల్లగొండ | హూస్టన్

యారాలక్క బాధ అర్థమైంది గానీ, మేం పంపిన డాలర్లతోనే కదా ఆ ఇల్లు, ఆ బోరు, ఆ దవాఖాన బిల్లు. అది కూడా కష్టమే. వచ్చినోళ్లను దొంగల లెక్క చూస్తే ఎవరొస్తారు?

దేవరకొండ డ్రైవర్ | దేవరకొండ

దొంగలని ఎవరన్నరు సార్? మళ్లొక్కసారి సదువుర్రి. ఆమె అడిగింది పైసలు గాదు.

నిర్వాహకులు

ఎవరు ఎక్కువ చేశారన్న పోటీ ఇక్కడ వద్దు. రెండు పోస్టులు తీసేశాం. విషయానికి రండి.

లెక్కల మనిషి | నల్లగొండ

భూమి మాట వచ్చింది కాబట్టి. ఎన్నారైలు, ఓసీఐ వాళ్లు వ్యవసాయ భూమి కొనకూడదు, వారసత్వంగా మాత్రం రావచ్చు. భారత పౌరులు ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాక కొనుక్కోవచ్చు. మీది ఇండియా పాస్‌పోర్టే కనుక మీకు ఇబ్బంది లేదు.

పాసుబుక్కు మీ మామగారి పేరు మీదే ఉండి ఉంటుంది. భూభారతి (రాష్ట్ర భూరికార్డుల కొత్త చట్టం) వచ్చాక రికార్డుల్లో తప్పులుంటే సరిచేయించుకునే దారి ఉంది, ఆయన సంతకం పెట్టగలిగే స్థితిలో ఉండగానే ఒకసారి చూసుకోవడం మంచిది. అయితే నేను చూసిన ఫైళ్లలో గొడవ మొదలయ్యేది కాగితం దగ్గర కాదు. చిన్నకొడుకు వస్తున్నాడంటేనే పెద్దకొడుకు గుండెలో రాయి పడుతుంది. వచ్చిన వారంలోనే అన్నను కూర్చోబెట్టి "ఈ భూమి ముచ్చట నాన్న ఉన్నన్నాళ్లు నేను ఎత్తను, నువ్వే దున్నుకో, రైతుభరోసా ఎవరికి పోతుందో నాకు అక్కర్లేదు" అని నోటితో చెప్పండి. మనసులో ఉంటే చాలదు. ఒకవేళ మీ మనసులో అలా లేకపోతే, అది కూడా దాచకుండా ముందే చెప్పండి.

ఇంకొకటి, ఆరోగ్య బీమా. అమెరికా పాలసీ ఇక్కడ పనికొస్తుందని ధీమా పెట్టుకోవద్దు. ఇక్కడ పాలసీలో ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా ఆగమనవచ్చు, 2024 నుంచి అంతకు మించి పెట్టకూడదు. కాబట్టి వచ్చిన వెంటనే తీసుకోండి.

పానగల్ కోడలు | డాలస్

నాలుగు రోజుల సంది రాయలే. తిప్పర్తి అక్కది చదివినంక మా యారాలక్కకు ఫోన్ చేసిన. ఎప్పుడు చేసినా మామయ్య ఎట్లున్నడు, అత్తమ్మ ఎట్లున్నది అని అడుగుత. ఈపారి "అక్కా, నువ్వు ఎట్లున్నవ్" అని అడిగి, ఇగ ఏం మాట్లాడలే. చానాసేపు ఆమె గూడ మాట్లాడలే. తర్వాత నడుం నొప్పి సంగతి చెప్పింది. మామయ్యను లేపి కూసోబెట్టి కూసోబెట్టి పట్టేసిందట. మనిషిని మంచం మీంచి ఎట్ల లేపాలె, మోకాళ్లు ఎట్ల వంచాలె, బరువు ఎటు వెయ్యాలె అని వీడియో కాల్‌ల చూపించిన. నేను రోజూ చేసే పని. ఎనిమిది నెలల సంది ఆమెకు ఎవ్వరు చెప్పలే.

రామగిరిల కిరాయికి ఇల్లు చూడమన్నం. మా ఇంటికి బండి మీద పది నిమిషాలు. బావగారే చూస్తున్నడు, వంటింట్ల నల్లాకు ఏ నీళ్లో అడగమని చెప్పిన. మా ఆయన వారంల ఒక రాత్రి హైదరాబాద్‌ల ఉంటడు. మామయ్య చెయ్యి పని నాది, పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట. పని సంగతి ఆర్నెల్లు చూస్త. నా చదువు ఈడ చెల్లుతదో లేదో కనుక్కోవాలె, చెల్లకుంటె పట్నం ముచ్చట మళ్ల తీస్త. జడ్చర్లన్నా, మీరు అడగకుంటె ఆ మాట నా నోట రాకపోవు. భూమి ముచ్చట మా ఆయన బావగారితోని మాట్లాడిండు. ఏం మాట్లాడుకున్నరో నేను అడగలే.

పాపకు ఆ ఇంజినీరింగ్ అమ్మాయి రాసింది చదివి చెప్పిన. తలుపు తీసింది. ఒకటే అడిగింది: మా కుక్క గూడ వస్తదా?

లెక్కల మనిషి | నల్లగొండ

రావొచ్చు. రెండేళ్లకు పైగా అక్కడ ఉండి నివాసం మార్చుకొని వచ్చేవారు రెండు పెంపుడు జంతువుల దాకా తెచ్చుకోవచ్చు. రేబిస్ టీకా, అక్కడి పశువైద్యుడి సర్టిఫికెట్, హైదరాబాద్ జంతు క్వారంటైన్ ఆఫీసు నుంచి ముందస్తు అనుమతి కావాలి. ఎండలకు కొన్ని విమాన సంస్థలు కార్గోలో జంతువులను ఎక్కించుకోవు, టికెట్ కొనకముందే అడగండి.

గడియారం సెంటర్ | నల్లగొండ

కుక్క వస్తది సరే, అత్తమ్మ ఏమంటది?

పానగల్ కోడలు | డాలస్

అత్తమ్మ వాకిట్ల ఉంచుమన్నది. పాప బెడ్‌రూంల అంటున్నది. రామగిరిల ఇల్లు ఎందుకు తీసుకుంటున్నమో ఇప్పుడు అందరికి సమజైంది.

దేవరకొండ డ్రైవర్ | దేవరకొండ

అక్కా, ఫ్లైటు దినం ఖాయమైనంక నాకు మెసేజ్ పెట్టుర్రి. శంషాబాద్ కాడికి నేను బండి తీస్కొస్త. సామాను ఎక్కువుంటె మా దోస్తుది ఇంకో బండి ఉన్నది. కుక్క ఎంత పెద్దదో మాత్రం ముందే చెప్పుర్రి, సీటు మీద తాట్‌పత్రి పరవాలె.